మాయలో తప్పిన లెక్క

మన భాషలో ఒక చిత్రం ఉంది. వేదాంతులు ఈ జగమంతా మాయ అంటారు. మంత్రసానులేమో బిడ్డ వెనకాల వచ్చేదాన్ని మాయ అంటారు. పూర్వం పురిటి గదిలోంచి మంత్రసాని కేక వినపడగానే బయట వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఆడా, మగా?" అని. రెండోది "మాయ పడిందా?" అని. పడిందంటే అందరూ హమ్మయ్య అనుకునేవారు. ఇక ఆ తర్వాత దాని ఊసెవరికీ అక్కర్లేదు. పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, కుక్కలు తవ్వకుండా పైన ఓ బండరాయి దొర్లించేవారు. దాని కథ కంచికి, మనం ఇంటికి.

ఇటలీలో రియాల్డో కొలంబో అనే శరీర శాస్త్రజ్ఞుడు 1559లో దీనికి "ప్లాసెంటా" అని పేరు పెట్టాడు. ఆ లాటిన్ మాటకి అర్థం బల్లపరుపుగా ఉండే ఒక రొట్టె. మనవాళ్ళకి దాన్ని చూస్తే వేదాంతం గుర్తొచ్చింది, ఆ పెద్దమనిషికి ఫలహారం గుర్తొచ్చింది! పేర్లు ఎలా పెట్టినా, తొమ్మిది నెలల పాటు బిడ్డకి ఊపిరితిత్తులూ, మూత్రపిండాలూ, వంటగదీ అన్నీ తానే అయి చాకిరీ చేసిన ఆ అవయవం లోపల ఏముందో, ఎన్నో శతాబ్దాలు ఎవరూ సరిగ్గా చూడలేదు. చూడకపోవడం వల్ల ఆ నష్టమంతా ఎవరి నెత్తిన పడిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

ముందుగా ఒక కథ. హాలెండు దేశంలో హేగ్ నగరం పక్కన లూస్‌డ్యూనెన్ అనే ఊరుంది. అక్కడి చర్చిలో రెండు పళ్ళేలు ఉన్నాయి. 1276లో గుడ్ ఫ్రైడే నాడు హెన్నెబెర్గ్ ప్రభువు భార్య మార్గరెట్ ఒకే కాన్పులో 365 మంది పిల్లల్ని కన్నదట. మతాచార్యుడు వాళ్ళందరికీ ఆ పళ్ళేలలోనే జ్ఞానస్నానం చేయించి, మగపిల్లలందరికీ జాన్ అనీ, ఆడపిల్లలందరికీ ఎలిజబెత్ అనీ పేర్లు పెట్టాడట. తల్లీ పిల్లలూ ఆ రోజే పోయారట. ఇంత ఘోరం ఎందుకు జరిగిందయ్యా అంటే, కవలల్ని చంకనేసుకుని వచ్చిన ఒక బిచ్చగత్తెని చూసి మార్గరెట్, "ఇద్దరు పిల్లలంటే ఇద్దరు తండ్రులుండాలే!" అని ఎకసెక్కం ఆడిందట. "సంవత్సరానికి ఎన్ని రోజులో అంతమందిని కను!" అని ఆ తల్లి శపించిందట.

ఈ కథ నమ్మి ఎంతమంది ఆ ఊరికి వెళ్ళారో లెక్కలేదు. పిల్లలు లేని ఆడవాళ్ళు ఆ పళ్ళేల దగ్గరికి మొక్కుకోవడానికి వచ్చేవారు. ఇంగ్లండులో డైరీ రాసి పేరుపడ్డ శామ్యూల్ పెపిస్ కూడా 1660లో పనిగట్టుకుని వెళ్ళి ఆ పళ్ళేలు చూసి వచ్చాడు.

నవ్వకండి. మన భారతంలో గాంధారి కథ లేదూ? రెండేళ్ళు గర్భం మోసి, కుంతికి కొడుకు పుట్టాడని విని కడుపు బాదుకుంటే మాంసపు ముద్ద పడింది. వ్యాసులవారు దాన్ని చల్లని నీళ్ళతో తడిపించి, 101 ముక్కలు చేయించి నేతికుండల్లో పెట్టించారు. పురాణానికి వైద్యుడి చీటీ అతికించే సాహసం నేను చెయ్యను గానీ, కడుపులో బిడ్డకి బదులు ముద్ద ఉండడమనే సంగతి మన పూర్వులకీ తెలియంది కాదని మాత్రం అనిపిస్తుంది.

మార్గరెట్ కథకి ఆధునిక వైద్యులు కొందరు ఒక అర్థం చెప్పారు. పుట్టింది కవలలేననీ, ఆ రోజుల్లో కొత్త సంవత్సరం మార్చి నెలాఖరులో మొదలయ్యేది కాబట్టి "సంవత్సరంలో గడిచిన రోజులంతమంది" అంటే ఇద్దరేననీ మరికొందరన్నారు. వైద్యుల మాటే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. అప్పటికి ఆవిడ నలభై దాటిన మనిషి. ఆ వయసులో ఎక్కువగా కనబడే జబ్బు ఒకటుంది. దాన్నే మనవాళ్ళు ముత్యాల గర్భం అన్నారు.

పేరు ఎంత అందమైనదో చూడండి! జబ్బు మాత్రం అందమైనది కాదు. ఇందులో మాయ తాలూకు సన్నని కుచ్చులు నీరు పట్టి, ద్రాక్షగుత్తుల్లా, ముత్యాల పేరుల్లా ఉబ్బిపోతాయి. బిడ్డ ఉండదు. మూడో నెలకే ఐదో నెల కడుపంత పెరుగుతుంది. వేవిళ్ళు ప్రాణం తోడేస్తాయి. ఆ తర్వాత ఒకనాడు రక్తస్రావం మొదలవుతుంది. ఆ గింజలు ఒక్కొక్కటీ ఒక్కో పిండమనుకుంటే 365 ఏమిటి, వెయ్యి కూడా లెక్కపెట్టొచ్చు.

మా మేనత్తల్లో ఒకావిడకి ఇలాగే జరిగిందని మా అమ్మ చెప్పేది. జట్కా కట్టించి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్తే ప్రాణం దక్కింది. అయితే ఇంటికొచ్చాక అసలు కష్టాలు మొదలయ్యాయి. "గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకుంది" అని ఒకరు. "నూతి దగ్గర జుట్టు విరబోసుకుని నిలబడింది" అని ఒకరు. "ఏం తిన్నావే? ఏ బరువెత్తావే?" అని పొద్దస్తమానూ ఆరాలు. ఆఖరికి పేరంటాలకి పిలిచేవాళ్ళు గానీ, సీమంతాలకి మాత్రం పిలవడం మానేశారు. తర్వాత ఇద్దరు పిల్లల్ని కన్నా ఆ గుసగుస ఆవిణ్ణి వదల్లేదు. మామయ్యని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఆయన దగ్గర ఏముందని?

ఏముందో తెలియడానికి చాలాకాలం పట్టింది. దానికి ముందు ఒక లెక్క తేలాలి మరి.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ దారపుపోగుల్లాంటి క్రోమోజోములు ఉంటాయని 19వ శతాబ్దంలోనే కనిపెట్టారు. ఆ పేరు 1888లో వచ్చింది. తల్లి దగ్గర్నుంచి సగం, తండ్రి దగ్గర్నుంచి సగం, రెండువైపులా సమంగా పెట్టిన సారె అనుకోండి. మరి మొత్తం ఎన్ని? 1923లో థియోఫిలస్ పెయింటర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 48 అన్నాడు. ఇక అంతే! ముప్ఫయ్యేళ్ళకి పైగా ప్రపంచమంతా 48 అనే చదువుకుంది. తక్కువ కనిపించినవాళ్ళు కూడా తమ కళ్ళనే అనుమానించుకున్నారు. పెద్దలు చెప్పిందానికి ఎదురు చెప్పకూడదనే పద్ధతి మన ఇళ్ళలోనే కాదు, ప్రయోగశాలల్లో కూడా ఉంటుందన్నమాట.

ఆ క్రోమోజోములు ఉండచుట్టుకుపోయి ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. 1952లో టి.సి. సూ అనే చైనా జాతీయుడి ప్రయోగశాలలో అవి హఠాత్తుగా విడివిడిగా, ముచ్చటగా కనబడ్డాయి. ఏమిటా అని ఆరా తీస్తే, కణాలు కడిగే ఉప్పునీళ్ళు కలిపేటప్పుడు ఎవరో సహాయకులు కొలత తప్పారు. ఉప్పు తక్కువై కణాలు నానిన సగ్గుబియ్యంలా ఉబ్బాయి. లోపలి పోగులు విడిపోయాయి. ఉప్పు తక్కువైనందుకు మెప్పు దొరికిన వంట అదొక్కటే అయ్యుంటుంది!

ఆ పద్ధతి వాడి 1955 డిసెంబరులో స్వీడన్ దేశపు లుండ్ పట్నంలో జో హిన్ చియో లెక్కపెట్టాడు. జావాలో పుట్టిన ఈయన యుద్ధకాలంలో జపానువారి చెరలో మగ్గిన మనిషి. అర్ధరాత్రి దాటాక సూక్ష్మదర్శినిలో ఎన్నిసార్లు లెక్కపెట్టినా 46 మాత్రమే వచ్చాయి. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి 1956లో ఆ సంగతి ప్రకటించాడు. 1959లో పారిస్‌లో, మందబుద్ధితో పుట్టే ఒక తరహా పిల్లల్లో 21వ క్రోమోజోము రెండుకి బదులు మూడు ఉంటుందని తేలింది. ఆ కణాల్ని పెంచి, గాజు పలకల మీద పరిచి, తేడా మొదట చూసిన డాక్టరు మార్త్ గోతియే అనే స్త్రీ. వ్యాసంలో మొదటి పేరు మాత్రం జెరోం లెజూన్ అనే పురుషుడిది. పేరు కూడా ఆయనకే వచ్చింది. ఆవిడ తన మాట బయటపెట్టడానికి ఏభై ఏళ్ళు పట్టింది. ఇది మనకి కొత్త కథేమీ కాదులెండి.

ఒక పోగు ఎక్కువైతే పుట్టిన పిల్లల్లో అంత తేడా ఉంటే, అసలు పుట్టకుండానే జారిపోయిన గర్భాల మాటేమిటి? ఫ్రాన్సులో జోయెల్ బూవే, ఆంద్రే బూవే అనే భార్యాభర్తలు ఏళ్ళ తరబడి కూచుని, గర్భస్రావాల్లో పడిపోయిన కణజాలాన్ని పరీక్షించారు. 1975లో 1,500 గర్భస్రావాల లెక్కలు ప్రకటించారు. వాటిలో సుమారు 60 శాతం క్రోమోజోముల లెక్క తప్పినవే! ఇప్పటి పరీక్షల్లో కూడా తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి సగం అలాంటివేనని తేలింది. అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడో, అవి కలిసేటప్పుడో, కలిసిన తొలిరోజుల్లోనో జరిగిపోయిన పొరపాటది. ఆ పిల్ల బొప్పాయి తిందా, బిందె ఎత్తిందా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. చాలాసార్లు తనకి నెల తప్పిందని తెలిసేలోపలే ఆ లెక్క తప్పి కూచుంటుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు ఎక్కువవుతాయన్న మాట నిజమే. కానీ వయసు రావడం నేరమైతే మనమందరం ముద్దాయిలమే.

ఇప్పుడు ముత్యాల గర్భం దగ్గరికి వద్దాం. 1977లో జపాన్‌కి చెందిన కాజీ, ఒహామా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అందులో క్రోమోజోములు లెక్కపెడితే 46 సరిగ్గా ఉన్నాయి. మరి తప్పెక్కడ? ఏ పోగు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని జాడ తీస్తే, బిడ్డ లేకుండా పూర్తిగా ముత్యాలుగా మారిన గర్భంలో 46కి 46 తండ్రివే! తల్లి వాటా పోగులు ఒక్కటీ లేవు. తన సరంజామా పోగొట్టుకున్న అండంలోకి శుక్రకణం వచ్చి, 23 పోగుల్నే రెట్టింపు చేసుకుని 46 చేసుకుంటుంది. కొద్దిసార్లు రెండు శుక్రకణాలు దూరుతాయి. సగం సగం ముత్యాలుగా మారే ఇంకో రకంలో 46కి బదులు 69 ఉంటాయి, తండ్రివి రెండు వంతులు, తల్లివి ఒక వంతు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో ఇది తల్లి జన్యువుల లోపం వల్ల మళ్ళీ మళ్ళీ వస్తుంది గానీ, తక్కినవన్నీ కాకతాళీయమే.

1977 నాటికి మా మేనత్త పోయి కొన్నేళ్ళయింది. ఉండి ఉంటే ఏమనేదో! మామయ్యని నిలదీయాలని నా ఉద్దేశం కాదు. ఆయన మాత్రం కావాలని చేశాడా? ఒకరి తప్పు ఇంకొకరి మీదికి నెట్టడం వల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. గ్రహణానికీ కత్తిపీటకీ కూడా ఇందులో వాటా లేదని తెలిస్తే చాలు.

తండ్రి పోగులే ఉంటే బిడ్డ లేకుండా మాయే ఎందుకు పెరిగింది? 1984లో దీనికి జవాబు ఎలుకల దగ్గర దొరికింది. కెన్యాలో పుట్టిన భారత సంతతి శాస్త్రజ్ఞుడు అజీం సురానీ ఇంగ్లండులోనూ, మెక్‌గ్రాత్, సోల్టర్ అనేవారు అమెరికాలోనూ విడివిడిగా తేల్చారు. తల్లి జన్యువులకీ తండ్రి జన్యువులకీ వేరువేరు ముద్రలుంటాయి. రెండు వాటాలూ తల్లివే అయితే పిండం కొంతవరకు ఏర్పడి మాయ పెరగదు. రెండూ తండ్రివే అయితే మాయ పెరిగి పిండం కుంగిపోతుంది. రెండు కుటుంబాలూ కలిస్తేగాని పెళ్ళి జరగనట్టు, రెండు ముద్రలూ ఉంటేగాని బిడ్డ ఉండదు.

ముత్యాల గర్భంతో ఇంకో భయం ఉంది. దాన్ని తీసివేశాక కూడా కొందరిలో ఆ మాయ కణాలు మిగిలి పెరుగుతాయి. అరుదుగా కాన్సరు అయి ఊపిరితిత్తులకి పాకుతాయి. ఒకప్పుడు అలా పాకితే బతకడం కల్ల. 1956లో అమెరికాలో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే మందుతో దాన్ని నయం చేసి చూపించారు. బయటికి జబ్బు కనబడకపోయినా, మాయ తయారుచేసే హెచ్‌సిజి అనే హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. పైవాళ్ళకి నచ్చక ఆయన ఆ సంస్థ వదలాల్సి వచ్చింది. చివరికి ఆయన మాటే నిజమై 1972లో లాస్కర్ బహుమతి వచ్చింది.

ఆ మందు పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ కంపెనీలో నడిపించిన పరిశోధనలోనే 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారైంది. దాన్ని అటుతిప్పి ఇటుతిప్పి చేసిన విరుగుళ్ళే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయీ మింగే ఫోలిక్ ఆసిడ్ మాత్రా, దారితప్పిన మాయని అదుపు చేసే మందూ, రెండూ ఒకే వంటింట్లోంచి వచ్చాయి. 1948లో, ఈ వ్యాధికి తన మందు పనికొస్తుందని తెలియకుండానే ఆయన పోయారు. ముత్యాల గర్భం వచ్చినవాళ్ళు అది తీయించుకుని ఊరుకోకుండా, డాక్టరు చెప్పినన్నాళ్ళూ హెచ్‌సిజి పరీక్ష చేయించుకోవాలి. అది మరిచిపోవద్దు.

ఇంతవరకూ మాయా బిడ్డా ఒక్కతీరే అనుకున్నాం. ఒకే కణంలోంచి పుట్టాయి కాబట్టి డాక్టర్లూ అలాగే అనుకునేవారు. 1983లో కెనడాలోని వాంకూవర్‌లో డాగ్మార్ కలూసెక్ అనే వైద్యురాలూ, ఫ్రెడ్ డిల్ అనే శాస్త్రజ్ఞుడూ, కడుపులో సరిగ్గా ఎదగని పిల్లల తాలూకు మాయల్ని పరీక్షించారు. పారేసేదాన్ని చేతిలోకి తీసుకుని చూశారన్నమాట! బిడ్డ కణాల్లో 46 ఉన్నా, మాయలో అక్కడక్కడా 47 కనబడ్డాయి. రంగురంగుల ముక్కలు కలిపి కుట్టిన బొంత ఉంటుందే, అలా. గర్భం నిలిచిన ఐదారు రోజులకే కణాలు రెండు జట్లయి, బయటివి ప్రధానంగా మాయకీ, లోపలివాటిలో కొన్ని బిడ్డకీ పోతాయి. తప్పిన లెక్క బయటి జట్టులోనే ఉండిపోతే బిడ్డ క్షేమంగా ఉండొచ్చు.

అయితే మాయ బలహీనపడితే బిడ్డకి తిండి సరిగ్గా అందదు. ముఖ్యంగా 16వ క్రోమోజోము మూడుంటే బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా పుట్టడం, తల్లికి రక్తపోటు పెరగడం ఎక్కువ. "తల్లి సరిగ్గా తినలేదు, అందుకే పిల్ల పిట్టలా ఉంది" అని మనం ఎంతమందిని అనలేదు? కొందరి విషయంలో తల్లి తిన్నది సరిపోయినా అందించాల్సిన చెయ్యి నీరసించి ఉంటుంది. మరికొన్నిసార్లు మొదట 47తో మొదలైన పిండం, ఎక్కువైన పోగుని వదిలించుకుని తనని తాను చక్కదిద్దుకుంటుంది. మాయలో ఆ పాత మరక మిగిలిపోతుంది. అలా వదిలించుకున్నప్పుడు మిగిలిన రెండు పోగులూ ఒక్కరివే అయితే మాత్రం కొన్ని క్రోమోజోముల విషయంలో బిడ్డకి చిక్కులొస్తాయి.

కలూసెక్ బృందం 1989లో ఇంకో వింత చెప్పింది. 13వది గాని, 18వది గాని మూడున్న పిండాల్లో చాలామటుకు కడుపులోనే పోతాయి. ప్రాణంతో పుట్టినవాళ్ళ మాయలు చూస్తే, వాటిలో లెక్క సరిగ్గా ఉన్న కణాలు కలిసి ఉన్నాయి. బిడ్డలో తప్పున్నా మాయలోని మంచి కణాలే అన్నాళ్ళూ కాపాడుకొచ్చాయన్నమాట. 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు మామూలు మాయల్ని జల్లెడ పట్టినా, ముక్క ముక్కకీ వేరే మార్పులు కనబడ్డాయి. మన శరీరంలో ఇంకెక్కడైనా ఉంటే భయపడాల్సినన్ని మార్పులతో ఆ బొంత తన పని తాను చేసుకుపోతుంది.

ఇది తెలుసుకుని మనకేం లాభమంటారా? ఉంది. 1980ల నుంచి మూడో నెలలోనే మాయ ముక్క తీసి పరీక్షించే పద్ధతి వచ్చింది. అలా పరీక్షించిన నూటికి ఒకరిద్దరిలో ఈ బొంత వ్యవహారం బయటపడుతుంది. 2011 నుంచి తల్లి రక్తం తీసి చేసే పరీక్ష కూడా వచ్చింది. బిడ్డదని చెప్పే ఆ డి.ఎన్.ఏ. నిజానికి మాయ కణాలు విడిచిందే. కాబట్టి ఫలితం తేడాగా వస్తే గుండెలు బాదుకోవద్దు. బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు తీసి చూస్తే బిడ్డ సంగతి ఇంకా సరిగ్గా తెలుస్తుంది. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా. అన్నట్టు, ఇలాంటి పరీక్షలతో ఆడా మగా అని చెప్పడం మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం. ఆ మొదటి ప్రశ్న మనల్ని ఇంకా వదల్లేదు చూశారా!

మన ఇళ్ళలో ఏదో ఒక ఆడపిల్ల గర్భం పోయి పుట్టింటికి వస్తూనే ఉంటుంది. వచ్చిన పిల్లని "ఏం చేశావే?" అని అడగడం మనకి నోటికి వచ్చిన మాట. ఆ మాట కాస్త ఆపి, ఇంత వేడివేడి చారన్నం పెట్టి పడుకోనివ్వండి. మళ్ళీ మళ్ళీ అలా జరుగుతుంటే మాత్రం భార్యాభర్తలిద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఒక్కదాన్నే కాదు, ఇద్దర్నీ.